పికడిల్లీ నుంచి బ్రాడ్‌స్టోన్ దాకా: డార్విన్, వాలెస్, హుకర్‌ల జాడల్లో

సోమవారం, పికడిల్లీ

గ్రీన్ పార్క్ స్టేషన్లో దిగి పికడిల్లీ రోడ్డు పట్టుకుని నడిస్తే ఎడమ చేతి వైపు బర్లింగ్టన్ హౌస్ వస్తుంది. ఆర్చి కింద నుంచి లోపలికి వెళ్తుంటే పక్కనే ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘం లిన్నియన్ సొసైటీ తలుపు. చూడటానికి వస్తామని ముందే మెయిల్ పెట్టుకున్నాం. నాతో మా మేనల్లుడు ఉన్నాడు. రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను జువాలజీ పాఠాలు చెప్పుకునేవాణ్ని, వాడికి ఈ మనుషులు పాఠ్యపుస్తకంలో పేర్లు మాత్రమే. అయినా సెలవు పెట్టి వచ్చాడు.

జీవజాతులు ఎలా మారతాయో ఎవరికి వారుగా కనిపెట్టిన డార్విన్, వాలెస్ ఇద్దరి చిత్రపటాలూ సొసైటీలో ఉన్నాయి. డార్విన్‌ది 1881లో జాన్ కోలియర్ వేసింది. కాకపోతే 1858 జూలై 1 సాయంత్రం ఆ ఇద్దరి వ్యాసాలు చదివింది ఈ గదుల్లో కాదు. సొసైటీ ఈ భాగంలోకి 1873లో మారింది. అప్పటి సమావేశపు గది ఇప్పుడు ఇదే ఆవరణలో ఉన్న రాయల్ అకాడమీలో కలిసిపోయింది.

కథ చాలామందికి తెలిసిందే. మలయా దీవుల్లో చలిజ్వరంతో పడుకుని ఉండగా వాలెస్‌కు ప్రకృతివరణం ఆలోచన తట్టింది: పరిసరాలకు తగిన జీవులే నిలిచి సంతానాన్ని కంటాయి, అలా జాతులు మెల్లగా మారతాయి అని. దాన్ని వ్యాసంగా రాసి డార్విన్‌కు పంపాడు. బాగుందనిపిస్తే భూగర్భ శాస్త్రజ్ఞుడు లయెల్‌కు చూపించమన్నాడు. అది 1858 జూన్ 18న డార్విన్ చేతికి అందింది. ఇరవై ఏళ్లుగా తాను లోలోపల నడుపుతున్న ఆలోచన వేరొకరి దస్తూరీలో కనిపించేసరికి డార్విన్ కదిలిపోయాడు. తాను నీచంగా ప్రవర్తించాడని వాలెస్ గానీ ఇంకెవరైనా గానీ అనుకోవడం కన్నా తన పుస్తకం మొత్తాన్ని తగలబెట్టడమే నయమని లయెల్‌కు రాశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో చంటిబిడ్డ చార్లెస్ వారింగ్ స్కార్లెట్ జ్వరంతో జూన్ 28న చనిపోయాడు. ఏం చెయ్యాలో మీరే చూడండని డార్విన్ కాగితాలు తన స్నేహితులు లయెల్, వృక్షశాస్త్రజ్ఞుడు హుకర్‌ల చేతిలో పెట్టేశాడు. వాళ్లు డార్విన్ 1844 నాటి రాతలో కొంత భాగం, 1857లో అతను అమెరికాలోని వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు రాసిన ఉత్తరంలోని సారాంశం, వాలెస్ వ్యాసం, మూడూ కలిపి సొసైటీకి పంపారు. చదివిన రోజున రచయితలు ఇద్దరూ లేరు. డార్విన్ బిడ్డను పోగొట్టుకున్న దుఃఖంలో ఉన్నాడు. వాలెస్ న్యూగినీలో ఉన్నాడు.

"మావయ్యా, వాలెస్‌ను అడక్కుండానే చదివేశారా?" అన్నాడు మా వాడు.

అడగలేదు. ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టే కాలం అన్నది నిజమే. అయినా నాకూ ఇది కాస్త ముల్లులాగే గుచ్చుకుంటుంది. డార్విన్ రాతలు ముందు, వాలెస్‌ది చివర పెట్టడం కూడా. రాసిన కాలం వరసలోనే పెట్టారు, కానీ ఆ వరస స్నేహితుడికి అనుకూలంగా వచ్చింది. అది కప్పిపుచ్చాల్సిన పని లేదు. అయితే వాలెస్ దాన్ని ఎలా తీసుకున్నాడన్నది కూడా అంతే ముఖ్యం. 1858 అక్టోబరులో సంగతి తెలిశాక హుకర్‌కు కృతజ్ఞతలు రాశాడు. అమ్మకు రాసిన ఉత్తరంలో, ఇంగ్లండ్‌లోనే పేరున్న ఇద్దరు ప్రకృతి శాస్త్రజ్ఞుల నుంచి ఉత్తరాలు వచ్చాయని, తిరిగొచ్చాక వాళ్ల పరిచయం, సాయం దొరుకుతాయని పొంగిపోయాడు. వాలెస్ పద్నాలుగేళ్లకే బడి మానేసినవాడు. పురుగులు, పక్షులు పట్టి అమ్ముకుంటేనే పూట గడిచేది. అలాంటి మనిషికి ఆ తలుపు తెరుచుకోవడం అంటే ఏమిటో ఊహించుకోగలను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉత్తరం దీనికి ముందుది. 1855లో బోర్నియో దీవిలోని సారవాక్ నుంచి వాలెస్ ఒక వ్యాసం ప్రచురించాడు. ఎవరూ పట్టించుకోలేదని నిరుత్సాహపడ్డాడు. 1857 డిసెంబరు 22న డార్విన్ అతనికి రాస్తూ, అలా అనుకోవద్దు, లయెల్, కలకత్తాలోని జంతుశాస్త్రజ్ఞుడు బ్లైత్ ఇద్దరూ నీ వ్యాసాన్ని ప్రత్యేకంగా నా దృష్టికి తెచ్చారు అని చెప్పాడు. ఒంటరిగా పనిచేసేవాడికి రెండు వాక్యాల ధైర్యం. వాలెస్ తన పెద్ద ఆలోచనను పత్రికకు పంపకుండా డార్విన్‌కు ఎందుకు పంపాడు, లయెల్‌కే చూపించమని ఎందుకు అడిగాడు అంటే, నాకు కనిపించే కారణం ఆ ఉత్తరమే. ఆ నమ్మకం ముందే ఏర్పడింది.

మంగళవారం, డౌన్ హౌస్

బ్రోమ్లీ నుంచి 146 నంబరు బస్సు ఎక్కాం. ఊరి బయటపడ్డాక రోడ్డు సన్నబడి, రెండు వైపులా కంచె మొక్కలు బస్సు అద్దాలకు రాసుకుంటూ వచ్చాయి. డార్విన్ 1842లో ఇక్కడికి వచ్చి, 1882లో చనిపోయేదాకా ఇదే ఇంట్లో ఉన్నాడు.

చదువుకునే గది చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. చక్రాలు బిగించిన కుర్చీ, దాని చేతుల మీద అడ్డంగా పెట్టుకునే పలక. పొయ్యి పైన గోడకు మూడు బొమ్మలు: హుకర్, లయెల్, తాతగారు జోసయ్య వెడ్జ్‌వుడ్. ప్రపంచాన్ని కదిలించిన పుస్తకం రాసుకున్న గదిలో తల ఎత్తితే కనిపించేవి ఇద్దరు స్నేహితుల ముఖాలు. ఆ బొమ్మల కింద చాలాసేపు నిలబడ్డాను.

హుకర్ ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఒక అలవాటు ఉండేది. టిఫిన్ అయ్యాక డార్విన్ అతన్ని ఈ గదిలోకి పిలుచుకొచ్చి, చీటీల కట్ట తీసి, అరగంటపాటు ఒక్కో ప్రశ్నా అడిగేవాడు. ఏ మొక్క ఏ దీవిలో ఉంది, ఏ విత్తనం ఎలా వ్యాపిస్తుంది, ఇలా. వృద్ధాప్యంలో హుకర్ ఈ అరగంటలను ఎంతో ప్రేమగా గుర్తు చేసుకున్నాడు. ఇవ్వడం ఒకవైపే కాదు, డార్విన్‌తో మాట్లాడి లేచేసరికి తనకే కొత్త ఆలోచనలు పుట్టేవన్నాడు. జీవజాతులు మారతాయన్న తన అనుమానాన్ని డార్విన్ మొదట బయటపెట్టింది కూడా హుకర్‌కే, 1844 జనవరిలో. హత్య చేశానని ఒప్పుకున్నట్టుంది అని రాశాడు. హుకర్ భయపడలేదు, వెంటనే ఔననీ అనలేదు. ఏళ్ల తరబడి గట్టిగా వాదించాడు. నీ రుజువు చాలదు అని ముఖం మీద చెప్పే స్నేహితుడు దొరకడం డార్విన్ అదృష్టం.

వెనక తోట దాటితే శాండ్‌వాక్. చెట్ల నీడలో చుట్టూ తిరిగివచ్చే బాట. ఆలోచించడానికి డార్విన్ రోజూ ఇక్కడ తిరిగేవాడు. మేమూ తిరిగాం. నడుస్తూ మా వాడికి గొంగళిపురుగుల సంగతి చెప్పాను. నా క్లాసులో ఏటా చెప్పే కథే, కానీ ఇక్కడ చెబుతుంటే గొంతులో వేరే ఉత్సాహం వచ్చింది.

మగ జీవుల మెరిసే రంగులు ఆడవాటిని ఆకర్షించడానికని డార్విన్ అనుకుంటున్న రోజులవి. మరి జత కట్టే వయసే రాని గొంగళిపురుగుల్లో కొన్నిటికి అంత మెరిసే రంగులెందుకు? ఈ చిక్కుతో వాలెస్ పాత స్నేహితుడు, కీటక శాస్త్రజ్ఞుడు బేట్స్‌ను అడిగాడు. బేట్స్, నాకు తెలీదు, వాలెస్‌ను అడగండి అన్నాడు. 1867 ఫిబ్రవరిలో డార్విన్ వాలెస్‌కు రాశాడు. అలాంటి పురుగులు పక్షులకు రుచించవేమో, తింటే చేదు అని ముందే చెప్పే హెచ్చరిక రంగులేమో అని వాలెస్ జవాబిచ్చాడు. కష్టం వస్తే అడగాల్సిన మనిషివి నువ్వేనని బేట్స్ అన్నమాట నిజమే అంటూ డార్విన్ సంబరపడ్డాడు. అక్కడితో ఆగలేదు. జెన్నర్ వీర్ అనే ఆయన తన పంజరంలోని పక్షులకు రకరకాల గొంగళిపురుగులు వేసి ఏవి తిన్నాయో ఏవి వదిలేశాయో చూశాడు. 1869లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాలెస్ ఊహ నిలబడింది.

మన ఊళ్లలో జిల్లేడు ఆకుల మీద నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు తాపీగా పాకుతూ ఉంటుంది చూడండి, దాక్కోవాలన్న ధ్యాసే ఉండదు. దాని రంగు గురించి మనం ఈ రోజు చెప్పుకునే వివరణ ఈ నలుగురి మధ్య చేతులు మారిన ప్రశ్న నుంచి వచ్చింది. "నాకు తెలీదు, ఫలానావాణ్ని అడుగు" అని బేట్స్ అనకపోతే? ఆ ఒక్క మాటకు నేను చాలా విలువ ఇస్తాను. అది అనగలగడానికి తన మీద తనకూ, అవతలివాడి మీద కూడా నమ్మకం ఉండాలి.

1868 సెప్టెంబరులో వాలెస్ దంపతులు, జెన్నర్ వీర్, ఇండియా నుంచి తిరిగొచ్చిన బ్లైత్ ఈ ఇంటికి అతిథులుగా వచ్చారు. ఆ భోజనాల బల్ల దగ్గర ఏం మాట్లాడుకున్నారో వినాలని ఎవరికి ఉండదు!

ఊరి చర్చి ఆవరణలో డార్విన్ భార్య ఎమ్మా సమాధి ఉంది. చార్లెస్ వారింగ్‌నూ ఇక్కడే పూడ్చారు. పికడిల్లీలో తండ్రి రాతలు చదివిన నాటికి ఆ పిల్లవాడు పోయి మూడు రోజులే. కాసేపు అక్కడ కూర్చుని బస్సు ఎక్కాం.

బుధవారం, బ్రిటిష్ మ్యూజియం

పొద్దుటినుంచీ వాన. దగ్గర్లో చూడగలిగింది చూద్దామని బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాం. నా లెక్కలో ఇది పక్కదారి కాదు.

33ఎ గదిలో అద్దాల వెనక అమరావతి శిల్పాలున్నాయి. కృష్ణ ఒడ్డున మన స్తూపం నుంచి వచ్చిన పాలరంగు సున్నపురాయి. వీటిలో ఎక్కువ భాగాన్ని 1845లో తవ్వించినవాడు వాల్టర్ ఇలియట్. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి, ఉత్తర సర్కారు జిల్లాలకు కమిషనర్. ఆ రాళ్లు కొన్నాళ్లు మద్రాసులో పడి ఉండి, తర్వాత లండన్‌కు ఓడెక్కాయి. వాటిని చూస్తే సంతోషం, బాధ రెండూ కలిగాయి. ఇంత దూరంలో చూడాల్సి వచ్చిందే అన్న బాధ నాకు ఇంకా పోలేదు.

కానీ ఈ ఇలియట్‌కు ఇంకో ముఖం ఉంది. 1855లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ శాస్త్ర సభల్లో డార్విన్, ఇలియట్ కలుసుకున్నారు. 1856 జనవరిలో డార్విన్ అతనికి రాస్తూ, ఇండియాలో పెంచే పావురాలు, కోళ్ల చర్మాలు పంపగలరా అని అడిగాడు. ఇలియట్ ఇండియా నుంచీ బర్మా నుంచీ సేకరించి పంపాడు. మూడేళ్ల తర్వాత వచ్చిన 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' మొదటి అధ్యాయంలో, పావురాల చర్చ మొదలయ్యే చోటే, ఇండియా నుంచి నమూనాలు పంపిన ఇలియట్‌కు డార్విన్ కృతజ్ఞతలు చెప్పాడు. పావురాల పెంపకం మీద సయ్యద్ మహమ్మద్ ముసారీ అనే ఆయన, 1770లో చనిపోయినవాడు, రాసిన గ్రంథం ఇలియట్ దగ్గర ఉండేది. దాన్ని అనువాదం చేయించి డార్విన్‌కు ఇచ్చాడు. 1868 నాటి పుస్తకంలో డార్విన్ ఆ గ్రంథకర్త పేరూ, సాయం చేసినవాడి పేరూ రెండూ రాశాడు. పావురాలు ఎగరేసిన ఒక భారతీయుడి జ్ఞానం అలా డార్విన్ పేజీల్లోకి చేరింది.

ఇదే ఇలియట్ 1859లో మద్రాసులో 'ఫ్లోరా ఆంధ్రికా' అచ్చు వేయించాడు. ఉత్తర సర్కారుల్లో కనిపించే మొక్కల తెలుగు పేర్లకు శాస్త్రీయ నామాలు జతచేసిన జాబితా అది. స్కాన్ చేసిన ప్రతి ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. తెలుగు మాష్టార్లు, బోటనీ మాష్టార్లు కలిసి కూర్చుని చూడాల్సిన పుస్తకం.

ఇలియట్ చుట్టూ ఉన్న వలయం కూడా గొప్పదే. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ తాను సేకరించిన ఒక పక్షిని కలకత్తాలో బ్లైత్‌కు చేర్చాడు. 1848లో బ్లైత్ దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మనం కలివికోడి అనే పక్షి అదే, ఇంగ్లీషులో ఈనాటికీ జెర్డన్ పేరుతోనే పిలుస్తారు. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ కనిపించింది.

గురువారం, క్యూ

ఎండ కాసింది. క్యూ గార్డెన్స్‌లో రోడోడెండ్రాన్ లోయ పూలతో నిండి ఉంది. హుకర్ 1847 నుంచి 1851 దాకా హిమాలయాల్లో, ముఖ్యంగా సిక్కింలో తిరిగి పంపిన విత్తనాలతోనే ఈ చెట్ల మోజు ఇంగ్లండ్‌లో పెరిగింది. 1865లో ఈ తోటకు డైరెక్టర్ అయి ఇరవై ఏళ్లు నడిపాడు. 'ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' ఏడు సంపుటాలు, 1872 నుంచి 1897 దాకా. మన బోటనీ వాళ్లు ఇప్పటికీ అందులో వెతుకుతారు.

ఇంత పనిలో మునిగి ఉండి కూడా హుకర్, డార్విన్ రాతప్రతులు చదివి దిద్దేవాడు. 1859లో ఒక ప్రమాదం జరిగింది. డార్విన్ పంపిన కాగితాలు పొరపాటున పిల్లలు బొమ్మలు వేసుకునే కాగితాల సొరుగులోకి చేరాయి. గుర్తించేసరికి పావు వంతు పోయింది. డార్విన్ దగ్గర పాత చిత్తు ఉండబట్టి సరిపోయింది. ఆ స్నేహానికి మాత్రం ఏమీ కాలేదు.

1863లో హుకర్ ఆరేళ్ల కూతురు చనిపోయింది. ఆ పాప పోయిన గంటకే హుకర్ కలం పట్టుకుని రాసింది డార్విన్‌కు. పన్నెండేళ్ల కిందట పదేళ్ల కూతురు ఆనీని పోగొట్టుకున్న తండ్రికి. శాస్త్రవేత్తల పరస్పర గౌరవం అని మనం మాట్లాడేటప్పుడు ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టి మాట్లాడలేం. మొక్కల భౌగోళిక వ్యాప్తి మీద పేజీలకు పేజీలు వాదించుకున్న ఇద్దరే ఈ బరువునూ పంచుకున్నారు.

డబ్బు సాయం సంగతీ చెప్పాలి. 1873లో వీళ్ల స్నేహితుడు, జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ అప్పులు, అనారోగ్యంతో కుంగిపోయాడు. డార్విన్, మిగతా స్నేహితులు కలిసి 2,100 పౌండ్లు పోగుచేసి అతని బ్యాంకు ఖాతాలో వేశారు. తర్వాత ఉత్తరం రాసి చెప్పారు. సోదరుడికి చేసినట్టే చేశామని, మొహమాటపడొద్దని. హుకర్ అతన్ని వెంటపెట్టుకుని ఫ్రాన్స్‌కు విశ్రాంతికి తీసుకెళ్లాడు. అభిమానం ఉన్న మనిషికి మనసు నొప్పించకుండా డబ్బు ఇవ్వడం ఎంత కష్టమో మధ్యతరగతి ఇళ్లలో పెరిగిన మనకు తెలుసు.

తోట చివర మరియాన్ నార్త్ గ్యాలరీ. గోడ కనిపించకుండా ఎనిమిది వందలకు పైగా చిత్రాలు, ఆమె ఒంటరిగా దేశదేశాలు తిరిగి అక్కడికక్కడే వేసినవి. ఆస్ట్రేలియా చూడకుండా ప్రపంచ వృక్షసంపద పూర్తికాదని డార్విన్ ఆమెతో అన్నాడు. వెంటనే బయల్దేరి వెళ్లింది. తిరిగొచ్చాక డౌన్‌కు వెళ్లి తన బొమ్మలు ఆయనకు చూపించింది. గ్యాలరీ కట్టిస్తానని, బొమ్మలన్నీ ఇస్తానని ఆమె ముందుకొస్తే హుకర్ చోటిచ్చాడు. 1882లో తెరిచారు. ఆ రోజుల్లో చాలా శాస్త్ర సంఘాలు ఆడవాళ్లను సభ్యులుగా రానిచ్చేవి కావు, లిన్నియన్ సొసైటీతో సహా. అందుకే ఈ గదిలో నాకు సంతోషంతో పాటు, బయట ఉండిపోయినవాళ్ల లెక్క కూడా మనసులో మెదిలింది.

క్యూ గ్రీన్ మీది సెయింట్ ఆన్స్ చర్చి ఆవరణలో, తండ్రి పక్కనే, హుకర్ సమాధి ఉంది. 1911లో, 94 ఏళ్ల వయసులో పోయాడు.

శుక్రవారం, మ్యూజియం, అబీ

నేచురల్ హిస్టరీ మ్యూజియంలో స్కూలు పిల్లల జాతర. మెట్ల మీద డార్విన్ పాలరాతి విగ్రహం. ఒకప్పుడు దీన్ని పక్కకు జరిపి ఆ చోట శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ విగ్రహం పెట్టారు. 2008లో డార్విన్ మళ్లీ వచ్చాడు. ఆ కాలం శాస్త్రవేత్తలందరూ ఒకరినొకరు గౌరవించుకున్నారని చెబితే అది అబద్ధం అవుతుంది. ఈ మ్యూజియం కోసం ఓవెన్ పడిన కష్టం గొప్పది. కానీ 1860లో అతను పేరు పెట్టకుండా డార్విన్ పుస్తకాన్ని దుయ్యబడుతూ, అందులోనే తనను తాను పొగుడుకుంటూ ఒక సమీక్ష రాశాడు. డార్విన్ చాలాకాలం బాధపడ్డాడు. ఓవెన్ ప్రతిభకు తక్కువేం లేదు. అయినా శిష్యులూ స్నేహితులూ అతని చుట్టూ అలా నిలవలేదు.

సీతాకోకచిలుకల దగ్గర బేట్స్‌ను తల్చుకున్నాం. లెస్టర్‌లో మేజోళ్ల వ్యాపారి కొడుకు. అక్కడ టీచరుగా ఉన్న వాలెస్‌కు పేడపురుగులు, పెంకుపురుగుల పిచ్చి అంటించింది ఇతనే. 1848లో ఇద్దరూ కలిసి అమెజాన్‌కు వెళ్లారు. బేట్స్ అక్కడ పదకొండేళ్లు ఉండిపోయాడు. తిరిగొచ్చి మిమిక్రీ మీద, అంటే ఒక జీవి ఇంకో జీవి రూపాన్ని అనుకరించడం మీద రాసిన వ్యాసానికి డార్విన్ స్వయంగా సమీక్ష రాశాడు, యాత్ర గురించి పుస్తకం రాయమని వెంటపడ్డాడు, తన ప్రచురణకర్త జాన్ మర్రేకు పరిచయం చేశాడు. 1863లో ఆ పుస్తకం వచ్చింది.

వాలెస్ పేరు పెట్టుకున్న స్వర్గపక్షి ఒకటుంది, రెక్కల దగ్గర తెల్లటి ఈకలు జెండాల్లా లేచి ఉంటాయి. 1858లో బచన్ దీవిలో దాన్ని మొదట తెచ్చి చూపించింది అలీ, సారవాక్ కుర్రాడు, వాలెస్ దగ్గర వంటవాడిగా చేరి గొప్ప సేకర్తగా ఎదిగినవాడు. పక్షికి వాలెస్ పేరు వచ్చింది. కానీ దాన్ని తెచ్చింది అలీ అని మనకు తెలిసిందీ వాలెస్ పుస్తకం వల్లనే. ఆనాటి యజమానుల్లో చాలామంది ఆ మాత్రమూ రాయలేదు. పక్షి పేరులో కూడా అలీ ఉంటే ఎంత బాగుండేదో!

మధ్యాహ్నం వెస్ట్‌మినిస్టర్ అబీ. డార్విన్ రాయి మీద పేరు, తేదీలు తప్ప ఏమీ లేవు. న్యూటన్ దగ్గర్లోనే. మధ్యలో ఇప్పుడు హాకింగ్ ఉన్నాడు. డార్విన్‌ను ఇక్కడ ఖననం చెయ్యాలని పార్లమెంటు సభ్యులను కూడగట్టింది జాన్ లబ్బాక్. డౌన్‌లో పక్కింటి కుర్రాడు, డార్విన్ దగ్గరే పురుగులు చూడటం నేర్చుకున్నవాడు. 1882 ఏప్రిల్ 26న శవపేటికకు అటూ ఇటూ నడిచినవాళ్లలో హుకర్, హక్స్‌లీ, లబ్బాక్, వాలెస్ ఉన్నారు. 1915 నవంబరు 1న వాలెస్, హుకర్‌ల ఫలకాలనూ ఇక్కడి గోడ మీద ఆవిష్కరించారు.

శనివారం, బ్రాడ్‌స్టోన్

వాటర్లూ నుంచి పూల్‌కు రైలు, అక్కడి నుంచి బస్సు. రైల్లో మా వాడు అసలు విషయానికి వచ్చాడు: "ఇద్దరూ ఎప్పుడూ గొడవపడలేదా మావయ్యా?"

గొడవ అనను గానీ, తేడా పెద్దదే. 1869లో వాలెస్, మనిషి మెదడును ప్రకృతివరణం ఒక్కటే వివరించలేదని రాశాడు. మన ఇద్దరి బిడ్డను, అంటే ఆ సిద్ధాంతాన్ని, మరీ దారుణంగా చంపెయ్యలేదు కదా అని డార్విన్ వాపోయాడు. వాలెస్ అప్పటికే ఆత్మలతో మాట్లాడే స్పిరిచువలిజం వైపు మొగ్గాడు. డార్విన్‌కు అది బొత్తిగా నచ్చని దారి. అయినా మరుసటి ఏడు, 1870 ఏప్రిల్ 20న డార్విన్ రాసిన ఉత్తరంలో, ఒక రకంగా పోటీదారులమై ఉండి కూడా మనం ఒకరి మీద ఒకరం అసూయ పడలేదు, నా జీవితంలో ఇంత తృప్తినిచ్చినవి తక్కువ అని ఉంది.

పూల్‌లో బస్సు ఆలస్యమైంది. బ్రాడ్‌స్టోన్ శ్మశానం ఊరికి కాస్త పైన, పైన్ చెట్ల మధ్య ఉంది. వాలెస్ సమాధి దూరానికే కనిపిస్తుంది, ఎందుకంటే దాని మీద నిలబడి ఉన్నది రాయిగా మారిన చెట్టు మాను. పోర్ట్‌లాండ్ దగ్గర దొరికిన శిలాజం, ఏడడుగుల ఎత్తు ఉంటుంది. ప్రకృతి శాస్త్రజ్ఞుడికి ఇంతకన్నా తగిన గుర్తు నాకు తట్టలేదు. 1913 నవంబరు 7న, తొంభై ఏళ్లు దాటాక పోయాడు. తర్వాతి ఏడు భార్య ఆనీని ఇక్కడే పూడ్చారు.

నేను ఇంత దూరం వచ్చింది పింఛను కథ వాలెస్ దగ్గర కూర్చుని మా వాడికి చెప్పాలని. వాలెస్‌కు ఎప్పుడూ స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. పెట్టిన పెట్టుబడులు మునిగాయి. పరీక్ష పేపర్లు దిద్దుకుని బతికాడు. లయెల్ దగ్గర సెక్రటరీగా పనిచేసిన అరబెల్లా బక్లీ ఈ సంగతి డార్విన్ చెవిన వేసింది. ప్రభుత్వ పింఛను అడుగుదామని డార్విన్ 1879 డిసెంబరులో హుకర్‌ను కదిపితే, హుకర్ వద్దన్నాడు. ఆత్మల పిచ్చి వల్ల, భూమి బల్లపరుపుగా ఉందనే మనిషితో 500 పౌండ్ల పందెం కాసినందువల్ల వాలెస్ మర్యాద పోగొట్టుకున్నాడని అతని అభిప్రాయం. డార్విన్ వాదించలేదు, ఆగాడు. 1880లో వాలెస్ 'ఐలండ్ లైఫ్' తెచ్చాడు. దీవుల మీది మొక్కల, జంతువుల గురించిన ఆ పుస్తకాన్ని హుకర్‌కే అంకితమిచ్చాడు. హుకర్ చదివాడు, మనసు మార్చుకున్నాడు. నాకు హుకర్ మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఒకసారి కాగితం మీద పెట్టిన అభిప్రాయాన్ని, ఎదుటివాడి పని చూసి వెనక్కి తీసుకోవడం పెద్ద పదవిలో ఉన్నవాళ్లకు అంత తేలిక కాదు.

హక్స్‌లీ సాయంతో డార్విన్ వినతిపత్రం తయారుచేశాడు. పన్నెండు మంది సంతకాలు పెట్టారు. ఆరోగ్యం బాగోలేని, డెబ్బై దాటిన మనిషి ఒక్కొక్కరికీ తానే ఉత్తరాలు రాశాడు. ప్రధాని గ్లాడ్‌స్టన్ ఏడాదికి 200 పౌండ్లు మంజూరు చేశాడు. 1881 జనవరి 8న వాలెస్ డార్విన్‌కు కృతజ్ఞతలు రాస్తూ, ఈ రోజు నా యాభై ఎనిమిదో పుట్టినరోజు, మంచి శకునం అన్నాడు.

వాలెస్ కూడా తన వంతు తక్కువ చేయలేదు. 1869లో 'ద మలయ్ ఆర్కిపెలాగో'ను డార్విన్‌కు అంకితమిచ్చాడు. 1889లో ఆ సిద్ధాంతం మీద రాసిన పుస్తకానికి 'డార్వినిజం' అని పేరు పెట్టాడు. 1908 జూలై 1న, యాభై ఏళ్ల సందర్భంగా లిన్నియన్ సొసైటీ సభ జరిపినప్పుడు వాలెస్‌కు 85, హుకర్‌కు 91. ఇద్దరూ మాట్లాడారు. 1858లో ఏం జరిగిందో హుకర్ తన జ్ఞాపకం నుంచి చెప్పాడు. వాలెస్ లేచి, ఘనతలో తన వాటా డార్విన్ వాటాతో పోలిస్తే ఇరవై ఏళ్ల పక్కన ఒక్క వారం అంత అన్నాడు. నేను ఆ లెక్కతో ఏకీభవించను. మలయా దీవుల్లో ఎనిమిదేళ్లు, లక్షా పాతిక వేలకు పైగా నమూనాలు, అంతకుముందు అమెజాన్‌లో నాలుగేళ్లు, తిరుగు ప్రయాణంలో ఓడ తగలబడి సముద్రం పాలైన సేకరణ, ఇవన్నీ కలిస్తేనే ఆ వారం. కానీ అది చెప్పుకోవాల్సింది మనం, వాలెస్ కాదు.

డార్విన్ రాసినవీ అందుకున్నవీ పదిహేను వేల దాకా ఉత్తరాలు కేంబ్రిడ్జ్ వాళ్లు ఏళ్ల తరబడి శ్రమపడి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. తిరుగు రైల్లో మా వాడు ఫోన్‌లో అవే చదువుతూ కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు 1857 డిసెంబరు 22 నాటిది ముందు చదవండి. ఆ తర్వాత 1858 జూన్ నెల మొత్తం, 1867 ఫిబ్రవరి నాటి గొంగళిపురుగుల ఉత్తరాలు, 1870 ఏప్రిల్ 20. తెలుగువాళ్లు ఇలియట్ పేరుతో కూడా ఒకసారి వెతకండి.